వంటగట్టు మనది.. దుమ్ము వాళ్లది

ఏలూరులోనో తాడేపల్లిగూడెంలోనో కొత్త కాలనీల వైపు వెళ్తే గ్రానైట్ కోసే మిషన్ రొద వినిపిస్తూనే ఉంటుంది. వంటగట్టు బండ కోసే కుర్రాడు ముక్కుకు తువ్వాలు చుట్టుకుని, తెల్లటి దుమ్ము మధ్యలో కూర్చుని ఉంటాడు. మనం మాత్రం దుమ్ము పడకుండా కారు దూరంగా పెట్టుకుంటాం.

ఆ దుమ్ములో సిలికా ఉంటుంది. కంటికి కనిపించే రేణువులు ముక్కులో, గొంతులో ఆగిపోతాయి. కనిపించనంత సన్నవి ఊపిరితిత్తుల లోతుకు చేరి అక్కడే ఉండిపోతాయి. వాటి చుట్టూ కణజాలం గట్టిపడుతుంది. ఇదే సిలికోసిస్. సాధారణంగా పదేళ్లు పైబడి ఈ పని చేసినవారిలో బయటపడుతుంది. దుమ్ము మరీ ఎక్కువైతే ముందే రావచ్చు. వదలని దగ్గు, మెట్లెక్కితే ఆయాసం... అంతకుమించి మొదట్లో పెద్దగా తెలియదు. నయం చేసే మందు లేదు. క్షయ, ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు కూడా పెరుగుతుంది. దగ్గుతో వెళ్లినప్పుడు తాను చేసే పనేమిటో డాక్టరుకు తప్పకుండా చెప్పాలి. లేదంటే తప్పంతా బీడీల మీదకే పోతుంది.

ఈమధ్య చాలామంది ముచ్చటపడి వేయించుకుంటున్న కృత్రిమ క్వార్ట్జ్ పలకల్లో సిలికా 90 శాతం దాకా ఉండొచ్చు. ఆస్ట్రేలియా వీటిని 2024 జులై 1 నుంచి నిషేధించింది.

తువ్వాలు సన్న దుమ్మును ఆపలేదు. నీటిధారతో కోస్తే దుమ్ము చాలావరకు అక్కడే అణుగుతుంది. అయితే నీటితో వాడేందుకు తయారైన మిషనే ఉండాలి, కరెంటు లైనుకు ఆర్‌సీసీబీ ఉండాలి. మామూలు మిషన్ మీద నీళ్లు పోస్తే షాక్ కొడుతుంది. దీనికి తోడు ఎన్95 మాస్కు.

మరి ఎందుకు చేయరు? అడుగుల లెక్కన కాంట్రాక్టు ఇచ్చేస్తాం కాబట్టి. తడి కోతంటే బురద, ఆలస్యం. ఎంత త్వరగా కోస్తే అంత మిగులు. ఆ మిగులు కోసేవాడికి దక్కేదీ తక్కువే. అందుకే కనీసం ఈ పనికైనా మనిషిని నేరుగా రోజుకూలికి పెట్టుకోవడం మేలు. అప్పుడు ‘నిదానంగానే కొయ్యి బాబూ’ అని చెప్పే వీలు మీకుంటుంది, వినే వీలు అతనికీ ఉంటుంది. కాంట్రాక్టు తప్పకపోతే తడి కోత, మాస్కుల ఖర్చు ముందే మాట్లాడుకోండి.

కైకలూరు, ఆకివీడు వైపు కొల్లేటి ఊళ్లలో ఇంకో సంగతి. బోరు నీరు చాలాచోట్ల ఉప్పన. ఊచలు తుప్పు పడతాయని కాంక్రీటుకు మంచినీళ్లు తెప్పిస్తాం. కూలీలకు తాగడానికీ అంతే శ్రద్ధగా తెప్పించాలి. అక్కడి గాలిలో తేమ వల్ల చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. స్లాబు రోజున నీడ, మజ్జిగ, మధ్యమధ్యలో విశ్రాంతి తప్పనిసరి.

భవన కార్మికుల సంక్షేమానికి 1996లోనే చట్టం వచ్చింది. ఏడాదిలో 90 రోజులు పనిచేసిన, 18 నుంచి 60 ఏళ్లలోపు వారు సంక్షేమ బోర్డులో పేరు నమోదు చేసుకోవచ్చు. చిక్కల్లా ఆ పనిదినాలకు రుజువు చూపడంలోనే. నేరుగా పెట్టుకున్నవారు ఎన్ని రోజులు పనిచేశారో తేదీలతో కాగితం మీద రాసి, సంతకం చేసి ఇవ్వండి. అడిగేదాకా ఆగొద్దు, చాలామంది అడగరు.