గడప దాటలేని పిల్లల చదువు

తోడిపిల్లలు పుస్తకముల సంచులతో బడికి పోవుచుండగా, మెడ నిలుపజాలక, కాలుసేతులు స్వాధీనము గాక, మంచమునుండియే వారి కేరింతలు వినుచుండు బిడ్డలు మన పల్లెలలో నేటికిని గలరు. "వీనికి చదువేల?" అని నిట్టూర్చుట లోకమునకు చిరకాలాభ్యాసము. 2009 నాటి విద్యాహక్కు చట్టమును 2012లో సవరించినప్పుడు, బహువైకల్యముగాని తీవ్రవైకల్యముగాని గల పిల్లలు ఇంటివద్దనే విద్య నభ్యసించు పద్ధతిని కోరుకొనవచ్చునని పార్లమెంటు శాసించెను. ఇది బిడ్డకిచ్చిన హక్కే కాని, చేర్చుకొన వెనుదీయు బడికి దొరకిన సాకు కాదు. ఏలయన 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము, 40 శాతమునకు తక్కువకాని వైకల్యముగల 6 మొదలు 18 ఏండ్ల పిల్లలకు సమీపపు బడిలోగాని, కోరిన ప్రత్యేక పాఠశాలలోగాని ఉచితవిద్య నిచ్చుచున్నది.

తెలుగు రాష్ట్రములు రెంటను ఈ పిల్లల విద్యాభారమును వహించునవి సమగ్రశిక్ష యను ప్రభుత్వ విద్యాపథకము క్రింద నడచు భవిత కేంద్రములు. అచ్చటికి రాగల పిల్లలు తల్లిదండ్రులతో వత్తురు; రాలేనివారి యిండ్లకు, తెలంగాణమున ఐ.ఇ.ఆర్.పి. లనియు, ఆంధ్రమున ఐ.ఇ.ఆర్.టి. లనియు పిలువబడు ప్రత్యేక బోధకులే పోవుదురు. వారు నేర్పునది మొదట అక్షరములు కావు. ఆనుకొని కూర్చుండుట, చెంచా పట్టుట, దాహమైనప్పుడు సైగచేయుట, తన పేరు పిలిచిన తలయెత్తుట — ఇవియే ఆ బిడ్డకు తొలిపాఠములు. ఇందొక్కటి పట్టుబడుటకు నెలలు గడచినను అది తక్కువ విద్య యని నేనొప్పుకొనను. సెరిబ్రల్ పాల్సీచే కండరములు బిగిసికొనిపోవు బిడ్డకు ఫిజియోథెరపిస్టు చేయించు వ్యాయామమును తల్లియు నేర్చుకొని దినదినము చేయించిననే ఫలము; కావున ఈ చదువున తల్లియు విద్యార్థినియే.

ఇక ధనసహాయమా, సమగ్రశిక్ష ప్రమాణముల ననుసరించి ఒక్కొక్క బిడ్డకు ఏటికి 3,500 రూపాయలు. బాలికలకు నెలకు 200 రూపాయల ఉపకారవేతనము. ఇది స్వల్పము. అంతకంటె పెద్దలోటు మనుష్యులది: ఒకరిద్దరు బోధకులు మండలమంతయు తిరుగవలసివచ్చుచోట, వారెంత శ్రద్ధాళువులైనను, ఒక్కొక్క యింట నిలువగలిగినది కొద్దిసేపే. బోధకుల సంఖ్యను పెంచనిదే చట్టమిచ్చిన హక్కు ఆ మంచముదాక చేరదు.

మీ వీథిలో ఇట్టి బిడ్డ యున్నయెడల ఊరిబడి ప్రధానోపాధ్యాయునితో గాని, మండల విద్యావనరుల కేంద్రమున గాని వెంటనే చెప్పుడు. ఆ పేరు బడిపట్టీ కెక్కి, బోధకుడు ఇల్లు చేరువఱకు అడుగుట మానకుడు.