కంప్యూటరు మెమరీలో దోషము: కనుగొను విధము

ఒక విద్యార్థికి వచ్చిన మార్కులు 35 అనుకొందము. కంప్యూటరు దీనిని 0100011 అను ద్విసంఖ్యగా దాచుకొనును. ఎడమ చివరనున్న సున్న ఏ కారణము చేతనైనను 1గా మారినచో 1100011 అగును. దీని విలువ 99. మారినది ఒక్క అంకెయే. ఇట్టి మార్పు కార్యక్రమపు ఆదేశములలో జరిగినచో యంత్రము ఉన్నట్లుండి ఆగిపోవును. లెక్కలలో జరిగినచో ఆగదు. తప్పునే నిజమని భద్రపరచును. రెండవదియే ఎక్కువ ప్రమాదకరము.

మెమరీ చిప్పులో ప్రతి అంకెకు ఒక గది ఉండును. గదిలో ఒక ట్రాన్సిస్టరు, ఒక కెపాసిటరు ఉండును. అమెరికాలో ఐ.బి.ఎం. సంస్థకు చెందిన రాబర్ట్ డెన్నార్డ్ 1968లో పేటెంటు పొందిన ఈ ఏర్పాటే నేటికిని వాడుకలో నున్నది. కెపాసిటరులో విద్యుదావేశమున్న 1, లేకున్న 0. చిల్లికుండలోని నీటివలె ఈ ఆవేశము కారిపోవుచుండును. కావున సాధారణముగా 64 మిల్లీసెకనులలో ఒకసారి ప్రతి గదిని చదివి మరల నింపుదురు. ఆ గడువుకు ముందే కారిపోవు గది దోషయుక్తమైనది.

ఒకే కార్యక్రమము ప్రతిసారి ఒకే చోట ఆగినచో ముందు దానినే అనుమానింపవలెను. వేర్వేరు కార్యక్రమములు వేర్వేరు సమయములందు ఆగుచున్నచో మెమరీని అనుమానింపవచ్చును. అయితే అధికమైన వేడి, పవర్ సప్లై లోపము కూడ ఇవే లక్షణములను చూపును. కావున పరీక్షింపక నిర్ణయింపరాదు.

ఇందులకు మెమ్‌టెస్ట్86 ప్లస్ వంటి ఉచిత కార్యక్రమములు గలవు. పెన్‌డ్రైవు నుండి దీనిని నడిపినచో, గదులలో పలువిధములైన అంకెల వరుసలను వ్రాసి తిరిగి చదివి పోల్చి చూచును. కొన్ని గదులు పొరుగు గదులలో ప్రత్యేకమైన అంకెలున్నప్పుడే తప్పును. అందుకే పలు వరుసలు అవసరము. రాత్రియంతయు నడిపించుట మేలు. ఒకే చిరునామాలో తప్పు మరల మరల కనిపించినచో అది శాశ్వత దోషము.

పిదప ఏ భాగము చెడినదో తేల్చవలెను. కంప్యూటరును ఆపి, కరెంటు తీగను ఊడదీసి, పెట్టె యొక్క లోహభాగమును తాకి, ర్యామ్ పలకలను తీసి గట్టిగా అమర్చవలెను. వదులైన అతుకే కారణమైనచో దీనితోనే తీరును. తీరనిచో ఒక్కొక్క పలకను ఒంటరిగా ఒకే స్లాటులో పరీక్షించి, తరువాత స్లాటు మార్చి చూడవలెను. తప్పు పలక వెంట పోయినచో పలక చెడినది. స్లాటుతోనే నిలిచినచో స్లాటు చెడినది. అన్నిటను కనిపించినచో మదర్‌బోర్డును, ప్రాసెసరును, పవర్ సప్లైని చూడవలెను. ఒకసారికి ఒక్క మార్పే చేయవలెను; ప్రయోగశాలలో మనము పాటించు నియమమే ఇది.

దోషము లేని గదియు అరుదుగా తప్పవచ్చును. చిప్పు కవచములోని అత్యల్పమైన రేడియోధార్మిక పదార్థము వెలువరించు ఆల్ఫా కణములు అంకెలను మార్చగలవని 1970 దశకపు చివర ఇంటెల్ శాస్త్రజ్ఞులు చూపిరి. అంతకు పూర్వమే, 1950లో, రిచర్డ్ హామింగ్ తప్పును తనకు తానే దిద్దుకొను సంకేతపద్ధతిని ప్రకటించెను. సర్వర్లలో సాధారణముగా ఇట్టి ఏర్పాటుండును. పాఠశాలలలోని మామూలు యంత్రములలో ఉండుట అరుదు.

కావున అనుమానము కలిగిన వెంటనే ఆ యంత్రములో మార్కుల నమోదును ఆపవలెను. డిస్కును వేరొక కంప్యూటరుకు తగిలించి నకలు తీసికొనవలెను. చెడిన మెమరీ గుండా తీసిన నకలు కూడ చెడవచ్చును. క్రొత్త పలక మున్ముందు జరుగు తప్పులనే ఆపును. ఇదివరకే భద్రపరచిన 99ని తిరిగి 35గా మార్చలేదు. ఆ పని కాగితపు రిజిస్టరుతో సరిచూచుకొనిన ఉపాధ్యాయుడే చేయవలెను.