మేడమీది హరివిల్లు

విద్యాలయ వారసత్వమనగా ప్రాచీన భవనాలు, పూర్వ విద్యార్థుల కీర్తి మాత్రమే కాదు. స్థాపకుల ఆశయాన్ని అది మారిన కాలంలో ఏ మేరకు ఆచరించిందన్నదే అసలైన గీటురాయి. ఇందుకు కోల్‌కతాలోని సియాల్దా లొరెటో బాలికల పాఠశాల చక్కని నిదర్శనం.

ఈ విద్యాసంప్రదాయానికి ఆద్యురాలు ఇంగ్లండు దేశానికి చెందిన మేరీ వార్డ్ (1585–1645). క్రైస్తవ సన్న్యాసినులు మఠపు గోడలకు పరిమితం కాక, సమాజంలో సంచరిస్తూ బాలికలకు విద్య గరపాలని ఆమె సంకల్పించారు. ఆనాటి మతాధికారులకు అది హద్దుమీరిన సాహసంగా తోచింది. 1631లో పోపు ఎనిమిదవ అర్బన్ ఆమె సంస్థను రద్దుచేశారు. ఆమె కొంతకాలం నిర్బంధంలో గడపవలసి వచ్చింది. అయినా ఆమె ఆశయం అంతరించలేదు. ఆ బాటలోనే ఐర్లండులో వెలసిన లొరెటో శాఖకు చెందిన సోదరీమణులు 1841 డిసెంబరులో కలకత్తా చేరారు. 1842లో తమ తొలి పాఠశాలను నెలకొల్పారు. సియాల్దా పాఠశాల 1857లో ఆరంభమైంది.

1979లో సిస్టర్ సిరిల్ మూనీ ఈ పాఠశాలకు ప్రధానోపాధ్యాయినిగా వచ్చేనాటికి రుసుము చెల్లించగల కుటుంబాల బాలికలే అక్కడ అధికం. ప్రాంగణం వెలుపల, సియాల్దా రైలుస్టేషను పరిసరాలలో, అక్షరం ఎరుగని బాల్యం వీధిపాలవుతూ ఉండేది. ఈ వ్యత్యాసం ఆమెను కలచివేసింది. క్రమంగా బీదబాలికల ప్రవేశాలు పెంచారు. కొన్నేళ్లకు విద్యార్థినులలో సుమారు సగంమంది పేద కుటుంబాల వారే అయ్యారు. కలవారి పిల్లలు, లేనివారి పిల్లలు ఒకే తరగతిలో పక్కపక్కన కూర్చుని చదివారు.

1985లో ఆమె 'రెయిన్‌బో' పథకాన్ని ప్రారంభించారు. రెయిన్‌బో అనగా హరివిల్లు. వీధిబాలికలు తమకు వీలైన వేళ పాఠశాల మేడమీదికి వచ్చేవారు. పాఠశాల విద్యార్థినులే ఒక్కొక్కరికి ఒక్కొక్కరుగా వారికి చదువు చెప్పేవారు. తగిన స్థాయికి చేరిన పిల్లలను మామూలు బడులలో చేర్పించేవారు. ఈ సేవ విద్యార్థినుల చదువులో అంతర్భాగమైంది. నేర్చుకున్నవారికి అక్షరజ్ఞానం, నేర్పినవారికి సాటి మనిషి కష్టసుఖాల ఎరుక కలిగాయి.

భారత ప్రభుత్వం 2007లో సిస్టర్ సిరిల్‌ను పద్మశ్రీతో గౌరవించింది. 2023లో ఆమె కన్నుమూశారు. స్త్రీవిద్యకు అడ్డుగోడలు ఉండరాదని మేరీ వార్డ్ భావించారు. ఆ గోడలలో పేదరికమూ ఒకటని గుర్తించి దానిని తొలగించపూనుకోవడమే సియాల్దా పాఠశాల సంపాదించుకున్న వారసత్వం.