పరాయి కోర్టులో తడబాటు ఎందుకు?

స్టేషన్‌ ఘన్‌పూర్‌: సొంత మైదానంలో చెలరేగి ఆడే కళాశాల జట్లు పొరుగూరి కోర్టులో డీలా పడుతుంటాయి. బాస్కెట్‌బాల్‌లో ఈ తేడా మరింత స్పష్టం. అమెరికా కళాశాలల పోటీల్లోనూ దాదాపు మూడింట రెండు వంతుల విజయాలు ఆతిథ్య జట్లవే. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం ఎక్కడైనా కోర్టు పొడవు 28 మీటర్లు, వెడల్పు 15 మీటర్లు, రింగు ఎత్తు 3.05 మీటర్లు. కొలతలు ఒకటే అయినా ఫలితం మారడానికి కారణాలున్నాయి.

మొదటిది నేల. మట్టిపై బంతి తక్కువగా లేస్తుంది. సిమెంటు, చెక్క కోర్టులపై వేగంగా ఎగసి వస్తుంది. మట్టిపై సాధన చేసిన గ్రామీణ విద్యార్థికి అక్కడ చేతి అంచనా తప్పుతుంది.

రెండోది ప్రయాణం. తెల్లవారుజామున రైలెక్కి, దిగీదిగగానే బరిలో నిలిస్తే కాళ్లు సహకరించవు.

మూడోది ప్రేక్షకుల హోరు. దాని ప్రభావం రిఫరీ నిర్ణయాలపైనా ఉంటుంది. కరోనా కారణంగా 2020-21లో ఇంగ్లండ్‌ ప్రీమియర్‌ లీగ్‌ ఫుట్‌బాల్‌ మ్యాచ్‌లు ఎక్కువగా ఖాళీ స్టేడియాల్లో సాగాయి. ఆ సీజన్‌లో ఆతిథ్య జట్లు 144 మ్యాచ్‌లు గెలిస్తే, బయటి నుంచి వచ్చిన జట్లు 153 గెలిచాయి.

కాకతీయ విశ్వవిద్యాలయ జట్టులో చోటుకు అంతర కళాశాలల పోటీలే దారి. బాస్కెట్‌బాల్‌ జట్టులో ఉండేది 12 మందే. ఒక్క పూట తడబాటుతో ఏడాది శ్రమ వృథా కావచ్చు. హోరును ఆపడం ఎవరి వల్లా కాదు. అయితే ముందురోజే చేరుకొని, ఆ కోర్టుపై గంటసేపు సాధన చేస్తే మిగతా రెండు ఇబ్బందులు చాలావరకు తగ్గుతాయి. అందుకు కావలసింది ఒక రాత్రి బస, రెండు పూటల భోజనం.