దేవునితో సమాధానము

మనము నిత్యము వాడు మాటలలో 'సమాధానము' ఒకటి. పరీక్షలో ప్రశ్నకు వ్రాయునదియు సమాధానమే; తగవుపడిన ఇరువురు కలిసికొన్నచో సమాధానపడిరనియు అందుము. తెలుగు బైబిలులో శాంతి అను భావమునకు తరచుగా ఈ మాటనే వాడిరి. హెబ్రీ భాషలో అది 'షాలోమ్'. మన కళాశాలలో ప్రతి ఉదయము వినిపించు 'సలామ్' దానికి తోబుట్టువు.

ఎంత ప్రార్థించినను మనస్సు కుదుటపడలేదే, దేవుడు మమ్ము విడిచెనా అని క్రైస్తవ విద్యార్థులు కొందరు అడుగుచుందురు. దేవునితో సమాధానమనగా మనశ్శాంతి యొక్కటియే కాదు. పాపముచేత మనుష్యునికిని దేవునికిని నడుమ ఏర్పడిన వైరము క్రీస్తు సిలువ మరణముచేత తొలగెనని రోమీయులకు వ్రాసిన పత్రికలో పౌలు బోధించెను. అనగా అది మొదట సంబంధమునకు చెందినది, తరువాతనే మనఃస్థితికి. ఈ భేదమును గ్రహించుటకు మార్టిన్ లూథరుకు ఏండ్లు పట్టినవి.

1505లో, జర్మనీలో న్యాయశాస్త్ర విద్యార్థిగా నుండగా, దారిలో పిడుగుపాటుకు జడిసి సన్యాసినగుదునని ఆయన మ్రొక్కుకొనెను. ఎర్ఫర్టు మఠములో చేరి ఉపవాసములు, జాగరణలు చేసెను. పాపములు ఒప్పుకొనుచు గురువు నెదుట గంటల తరబడి కూర్చుండెడివాడు. అయినను ఏదో మరచితినను భయము వీడలేదు. 'దేవుని నీతి' అను మాట వినిననే ఆయనకు గుండె బెదరెడిది, ఆ నీతి శిక్షించునదని తలచుటచేత. విటెన్‌బెర్గులో బైబిలు బోధకుడై, పౌలు మాటలను రేయింబవళ్లు మననము చేయగా, అది విశ్వసించువారికి దేవుడు ఉచితముగా నొసగునదని తెలిసినట్లు 1545లో తానే వ్రాసికొనెను.

అట్లయిన సత్క్రియలేల? అవి సమాధానమునకు వెల కావు, దాని ఫలములని 1520లో వివరించెను. దీనిపై కతోలికులకును లూథరనులకును శతాబ్దముల వివాదము నడచినది. 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గు నగరమున ఉభయుల ప్రతినిధులు ముఖ్యాంశములలో ఏకీభవించి సంతకములు చేసిరి. దేవునితో సమాధానమును గూర్చి మనుష్యులు సమాధానపడుటకు అంతకాలము పట్టెను!

ఇంత తెలిసిన లూథరు మనస్సు పిమ్మట నిశ్చలముగా నుండెనా? లేదు. 1527లో ఆయన జబ్బుపడి, ఘోరమైన నిరాశలో మునిగెను. అట్టి వేళలలో తన హృదయమును తడవి చూచుకొనక, తనకు వెలుపలనున్న దేవుని వాగ్దానమును, తాను పొందిన బాప్తిస్మమును తలచుకొనవలెనని ఆయన బోధించెను.