సన్న బియ్యం మీద అనుమానం, పత్తి నూనె మీద మౌనం

జన్యుమార్పిడి తిండి, సేంద్రియ తిండి: అపోహలు – వాస్తవాలు

పిల్లలకు పెట్టే తిండి గురించి పెద్దపల్లి, గోదావరిఖని ఇళ్లల్లో భయం ఉండడం న్యాయమే. కానీ అడగాల్సిన చోట అడగకుండా, అక్కర్లేని చోట బెంగ పెట్టుకుంటున్నాం.

అపోహ: సన్న బియ్యం, హైబ్రిడ్ టమాటా అన్నీ జన్యుమార్పిడివే.

వాస్తవం: మన రైతులు చట్టబద్ధంగా పండిస్తున్న జన్యుమార్పిడి పంట పత్తి ఒక్కటే. పురుగును ఆపే బాక్టీరియా జన్యువును ఎక్కించిన బీటీ వంకాయను 2010 ఫిబ్రవరిలో కేంద్రం ఆపేసింది. ఆవాలకు 2022లో అనుమతి వచ్చినా వ్యవహారం సుప్రీంకోర్టుకెక్కింది. సాంబ మసూరి, తెలంగాణ సోనా వరికి వరిని సంకరం చేసి తీసిన రకాలే. రేషన్ బియ్యంలో తేడాగా కనబడే గింజలు ప్లాస్టిక్కూ కాదు. బియ్యప్పిండిలో ఇనుము, ఫోలిక్ యాసిడ్, బీ12 కలిపి చేసిన ఆ గింజలను క్వింటాలుకు కిలో చొప్పున కలుపుతూ వచ్చారు.

అపోహ: జన్యుమార్పిడి ఇంకా మన వంటింటికి రాలేదు.

వాస్తవం: ఎప్పుడో వచ్చింది. బీటీ పత్తికి 2002 మార్చిలో అనుమతి ఇచ్చారు. ఇప్పుడు దేశంలో పండే పత్తిలో నూటికి తొంభైకి పైగా అదే. జిన్నింగు మిల్లులో దూది తీశాక మిగిలిన గింజ నూనె మిల్లుకు పోతుంది. నూనె మన వంటల్లోకి, చెక్క బర్రెల కుడితిలోకి చేరుతాయి. శుద్ధి చేసిన నూనెలో ప్రొటీన్ దాదాపుగా మిగలదు కాబట్టి బీటీ ప్రొటీన్ గురించి నూనె విషయంలో బెంగ అక్కర్లేదు. కానీ ఏం తింటున్నామో తెలుసుకునే హక్కు వేరే సంగతి. జన్యుమార్పిడి ఆహారం ప్యాకెట్ మీద 'జీఎం' అని ముద్రించాలన్న నిబంధన 2013 జనవరి 1న అమల్లోకి వచ్చింది. పత్తి నూనె ప్యాకెట్ మీద ఆ రెండక్షరాలు మీరెప్పుడైనా చూశారా?

అపోహ: బీటీ వేస్తే పురుగు పడదు. పడిందంటే తప్పు రైతుదే.

వాస్తవం: బీటీ కాయతొలుచు పురుగులనే ఆపుతుంది, రసం పీల్చేవాటిని కాదు. అదీ శాశ్వతంగా కాదు. 450 గ్రాముల బీటీ ప్యాకెట్‌తో పాటు 120 గ్రాముల మామూలు పత్తి గింజల చిన్న ప్యాకెట్ ఇచ్చేవారు. దాన్ని చేను చుట్టూ వేస్తే బీటీకి లొంగే పురుగులు కొన్ని బతికి ఉంటాయి, తట్టుకునే జాతి త్వరగా పెరగదు. చాలామంది ఆ ప్యాకెట్‌ను పక్కన పడేశారు. రెండెకరాల కౌలు రైతు చేను చుట్టూ ఉన్న సాళ్లను పురుగుకు వదులుకోవాలంటే ఎలా వదులుకుంటాడు? ఎందుకు వేయాలో ఊళ్లోకి వచ్చి చెప్పినవాళ్లూ తక్కువే. 2017 నాటికి బీటీని తట్టుకునే గులాబీరంగు పురుగు తెలంగాణ పత్తిని చెరిచింది. విత్తనం అమ్మినవాళ్ల లాభం వాళ్లకు ముందే ముట్టింది, నష్టం రైతు మీద పడింది. ధర సంగతీ అంతే: అంతకుముందు 2006లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గుత్తాధిపత్య వ్యాపారాలపై విచారించే కమిషన్‌కు ఫిర్యాదు చేసి పోరాడాకే ప్యాకెట్ ధర 750 రూపాయలకు దిగింది. జన్యుమార్పిడిలో నా దృష్టిలో పెద్ద నైతిక ప్రశ్న ఇదే: విత్తనం మీద పెత్తనం ఎవరిది?

అపోహ: సేంద్రియమంటే ఏ మందూ తగలనిది.

వాస్తవం: సేంద్రియ సాగుకూ అనుమతించిన మందులున్నాయి. వేప కషాయమే కాదు, ఏ బాక్టీరియా జన్యువును పత్తిలోకి ఎక్కించారో ఆ బాక్టీరియా పొడినే సేంద్రియ రైతు పిచికారీ చేసుకోవచ్చు. సేంద్రియ ముద్ర పండించిన పద్ధతికే హామీ. కుందనపల్లి దగ్గరి విద్యుత్ కేంద్రం బూడిద చెరువు నుంచి ఎగిరే దుమ్ము ఆకుకూర మీద పడితే ఆ ముద్ర ఆపలేదు, కడుక్కోవాల్సిందే.

అలాగని సేంద్రియం బూటకం కాదు. జనగామ జిల్లా ఏనెబావిలో యాభై దాకా కుటుంబాలు 2006 నాటికే ఊరంతా కలిసి రసాయనాలు, జన్యుమార్పిడి పంటలు వద్దనుకున్నాయి. ఆ నిర్ణయం రైతులదే, అందుకే దానికి విలువ.

సేంద్రియమని ఎక్కువ ధర అడిగే దుకాణంలో ప్యాకెట్ మీద 'జైవిక్ భారత్' లాంటి అధికారిక సేంద్రియ ముద్ర చూపించమనండి. రైతే నేరుగా తెచ్చి అమ్మితే ముద్ర కోసం పట్టుబట్టకండి, పంటకు ఏం వేశాడో అడగండి. నూనె కొనేటప్పుడు మాత్రం అది ఏ గింజదో, ఆ గింజ ఏ రకందో తప్పకుండా అడగండి.