‘ఏం లేదులే’ అనకండి!

ఆదివారం మధ్యాహ్నం ఇంటిల్లిపాదీ భోజనాలకు కూర్చున్నారు. బాబాయి ఏదో జోకేశాడు. అందరూ పగలబడి నవ్వారు. చెవులు వినపడని అమ్మాయీ నవ్వింది, అందరూ నవ్వుతున్నారు కాబట్టి. తర్వాత అక్క మోచెయ్యి తట్టి, ‘ఏంటి?’ అన్నట్టు చెయ్యి తిప్పింది. ‘ఏం లేదులే, తర్వాత చెప్తా’ అని అక్క పప్పన్నం కలుపుకొంది. ఆ తర్వాత చెప్పింది లేదు.

బధిరులతో ఎలా మెలగాలని అడిగితే ‘అరవకండి, ఎదురుగా నిలబడండి’ అంటారు. అవీ కావాల్సినవే. కానీ వాళ్లను ఎక్కువగా నొప్పించేది ఈ ‘ఏం లేదులే’. వినికిడి లేకుండా పుట్టే పిల్లల్లో అత్యధికుల తల్లిదండ్రులకు చెవులు చక్కగా వినిపిస్తాయి. అంటే ఈ మాట వాళ్లకు మొదట ఎదురయ్యేది సొంతింట్లోనే. ఎంత చిన్న జోకైనా సరే, చెప్పండి. నవ్వాలో వద్దో వాళ్లు తేల్చుకుంటారు.

2011 జనాభా లెక్కల్లో వినికిడి లోపం ఉన్నవారు 50 లక్షల పైచిలుకు. కాబట్టి ఇది ఏ ఒక్కరింటి సంగతో కాదు.

‘పెదాలు చూసి అర్థం చేసుకుంటారుగా’ అని మనకో ధీమా. ఓసారి అద్దం ముందు నిలబడి, గొంతు పైకి రాకుండా పాట, బాట, మాట అనండి. మూడింటికీ పెదాలు ఒకేలా కలిసి విడిపోతాయి. క, గ అయితే నోటి లోపలెక్కడో పుడతాయి, బయటికి కనపడనే కనపడవు. మిగతాది సందర్భాన్ని బట్టి ఊహించుకోవాల్సిందే. కాసేపు అలా చూస్తే ఎవరికైనా కళ్లు లాగేస్తాయి. ఇక మనం అరిచామంటే పెదాల తీరు మారిపోయి ఆ కాస్తా అందదు. హియరింగ్ ఎయిడ్ ఉన్నవాళ్లకు చెవిలో మోత అదనం. కిటికీకి వీపు పెట్టి నిలబడితే మన ముఖం నీడలో పడుతుంది. గుబురు మీసాలవాళ్లను గొరిగించుకోమనలేం గానీ, నోట్లోని కిళ్లీ ఉమ్మేసి మాట్లాడమనొచ్చు. ఒక మాట అందలేదనిపిస్తే దాన్నే పదిసార్లు అనకుండా మరోలా చెప్పి చూడండి.

వెనక నుంచి పిలిచి, పలకలేదని ‘పొగరు’ అనుకోకండి. భుజం మీద మెల్లిగా తట్టండి. దూరంగా ఉంటే చెయ్యి ఊపండి, గదిలో అయితే లైటు ఒకసారి ఆర్పి మళ్లీ వెయ్యండి. ఇద్దరు సైగలతో కబుర్లాడుకుంటుంటే మధ్యలోంచి వెళ్లాలా? చటుక్కున దాటిపోండి. వాళ్ల మధ్య ఆగి క్షమాపణలు చెబుతూ నిలబడితేనే అడ్డు.

భారతీయ సంజ్ఞా భాష అంటే తెలుగునో హిందీనో చేతుల్తో చూపడం కాదు. దానికి సొంత వ్యాకరణం ఉంది. ‘ఎక్కడ’, ‘ఎవరు’ వంటివి వాక్యం చివర వస్తాయి. అవునా కాదా అని అడిగేటప్పుడు కనుబొమలు పైకి లేస్తాయి. మనకు ఓవర్ యాక్షన్‌లా కనిపించేది అక్కడ ప్రశ్నార్థకం! చిన్నప్పట్నుంచీ సంజ్ఞలతోనే పెరిగినవారికి తెలుగు రెండో భాష. అందుకే రాసి చూపేటప్పుడు బ్యాంకు ఫారం భాష వద్దు, పొట్టి వాక్యాలు చాలు. వాళ్లు రాసినదాంట్లో విభక్తులు తప్పితే చదువు లేదని తీర్మానించకండి.

2023 సెప్టెంబరులో సుప్రీంకోర్టు విచారణలో బధిర న్యాయవాది సారా సన్నీ ఇంటర్‌ప్రెటర్ సాయంతో పాల్గొన్నారు. అంత పెద్ద కోర్టులో కుదిరింది గానీ, మన ఆసుపత్రుల్లో ఇంకా కుదరడం లేదు. పేషెంటు ఎదురుగా ఉన్నా డాక్టరు పక్కనున్న తమ్ముణ్ని అడుగుతాడు: ‘ఈయనకు నొప్పి ఎప్పట్నుంచి?’ నొప్పి ఆయనది! సాయానికి వచ్చింది ఇంటర్‌ప్రెటర్ అయినా, తమ్ముడైనా మన చూపు, మన ప్రశ్న బధిరుడి వైపే ఉండాలి.

ఇక చప్పట్లు. బధిరుల సభల్లో రెండు చేతులూ పైకెత్తి ఆడిస్తారు. హైదరాబాద్ షూటర్ ధనుష్ శ్రీకాంత్‌లా బధిరుల ఒలింపిక్స్ అనదగ్గ డెఫ్లింపిక్స్‌లో పసిడి తెచ్చినవారికి మీ ఊళ్లో సన్మానం చేస్తే, ఆ చప్పట్లూ కొట్టండి.

ఢిల్లీలోని భారతీయ సంజ్ఞా భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం 2021లో నిఘంటువును 10 వేల పదాలకు పెంచింది. దాని వీడియోలు యూట్యూబ్‌లో ఉచితం. మీ ఇంట్లోనో ఆఫీసులోనో బధిరులుంటే మాత్రం వీడియోలదాకా ఎందుకు, ఈ వారం వాళ్ల దగ్గరే నాలుగు సంజ్ఞలు నేర్చుకోండి. తప్పు చేస్తే వాళ్లే దిద్దుతారు.